ఉప్పుగాలికి ఉక్కు తొడుగు

తుపాకి పేలేది ఎప్పుడో ఒకసారి. తుప్పు మాత్రం రోజూ పడుతుంది. నెల్లూరు తీరంలో రైఫిలు ఉంచుకున్నవాళ్లు దానికి ఏ పూత వేయించాలి?

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1626లో దుగరాజపట్నంలో వర్తక స్థావరం పెట్టి, చుట్టూ ఫిరంగులు నిలబెట్టుకుంది. పదిహేనేళ్లు కూడా నిలవలేదు. ఆ స్థావరం పెద్ద ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణాన మరో ఇసుకదిబ్బ సంపాదించాడు. మూటాముల్లె సర్దుకుని వాళ్లంతా వెళ్లి కట్టుకున్నదే మద్రాసు కోట. ఆ తర్వాత దుగరాజపట్నాన్ని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 2005లో కేంద్రం తీర భద్రతా పథకం తెచ్చినప్పుడు, ఆంధ్ర తీరానికి తొలి విడతలో వచ్చిన మెరైన్ పోలీసు స్టేషన్లలో ఒకటి ఈ ఊరికే దక్కింది. ఇనుప ఫిరంగులున్నచోటికి ఆటోమేటిక్ రైఫిళ్లు వచ్చాయి. గాలి మాత్రం అప్పటిదే.

ఆ గాలిలో ఆయుధం మోసేవాళ్లు ఈ తీరంలో తక్కువేమీ లేరు. బోట్లలో గస్తీ తిరిగే మెరైన్ పోలీసులున్నారు. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రానికి కాపలా కాసే సీఐఎస్‌ఎఫ్ జవాన్లున్నారు. బ్యాంకు గుమ్మంలో డబుల్ బ్యారెల్ పట్టుకుని కూర్చునే గార్డులున్నారు. తాతల నాటి లైసెన్సును రెన్యువల్ చేయించుకుంటూ వస్తున్న పల్లెటూరి పెద్దలూ ఉన్నారు. అందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే అయినా అందరికీ ఒకే జవాబు సరిపోదు. షాపులో అడిగితే ఖరీదైన పూత పేరు చెబుతారు. సముద్రం ఎంత దూరంలో ఉందని అడగరు. నిజానికి మొదట అడగాల్సింది అదే.

గాలి తినే లెక్క

ఇనుము తుప్పు పట్టాలంటే నీరూ ప్రాణవాయువూ ఉంటే చాలు. ఆ రెండూ హైదరాబాదులోనూ ఉన్నాయి. తీరంలో అదనంగా చేరేది ఉప్పు. అలలు విరిగినచోట లేచిన సన్నని తుంపర గాలిలోనే ఆరిపోయి, కంటికి ఆనని ఉప్పు రవ్వలై ఊళ్లోకి కొట్టుకొస్తుంది. ఆ రవ్వ తుపాకి మీద వాలాక వాన కోసం ఎదురుచూడదు. గాలిలో తేమ 75 శాతం దాటితే చాలు, మామూలు ఉప్పు ఆ తేమను లాక్కుని తనంతట తానే నీరుకారిపోతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది. దానికి 33 శాతం తేమే ఎక్కువ. అందుకే అల్లూరు దగ్గర ఇసకపల్లి ఉప్పుమళ్ల పక్కన నడివేసవిలో బీరువాలో పెట్టిన తుపాకికి కూడా తుప్పు తగులుతుంది.

ఉప్పులోని క్లోరైడు ఇంకో పని చేస్తుంది. లోహం మీదున్న రక్షణ పొరను ఎక్కడో ఒకచోట సూదిమొనంత మేర ఛేదించి, అక్కడినుంచి లోపలికి గుంట తవ్వుతుంది. పైపైన రాలే ఎర్రపొడిని గుడ్డతో తుడవొచ్చు. గుంట పడితే మాత్రం ఆ లోహం తిరిగి రాదు. గొట్టం లోపల పడితే గురి చెడుతుంది. తూటా కూర్చునే చాంబర్లో పడితే పేలాక ఖాళీ తొడుగు అక్కడే అతుక్కుపోతుంది.

గాలి లోహాన్ని ఎంత తింటుందో మెట్లు కట్టి చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, ఐఎస్ఓ 9223. పూత లేని మామూలు ఉక్కును సీ2 అనే నెమ్మదైన మెట్టులో గాలి ఏడాదికి ఎంత తిన్నా 25 మైక్రాన్లు దాటదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. సీ5 మెట్టులో అది 80 నుంచి 200. అన్నింటికీ పైనున్న సీఎక్స్‌లో 200 నుంచి 700. వేడీ తేమా ఉప్పూ కలిసిన ఉష్ణమండలపు తీరాలు పై మెట్లలోనే ఉంటాయి. కారైక్కుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ దేశమంతటికీ తుప్పు పటం గీసింది. రామేశ్వరం పక్కన మండపంలో సముద్రపు గాలికి లోహపు పలకలు వేలాడదీసి దశాబ్దాలుగా కొలుస్తోంది. ఇలాంటి కొలతలన్నీ చెప్పే మాట ఒకటుంది. అలల అంచు నుంచి లోపలికి వచ్చేకొద్దీ ఉప్పు చాలా వేగంగా తగ్గుతుంది. అంటే మైపాడు ఇసుకలో నిలబడే కానిస్టేబుల్ రైఫిలూ, ఇరవై పాతిక కిలోమీటర్ల ఇవతల నెల్లూరు ట్రంకురోడ్డు మీద బ్యాంకు గార్డు తుపాకీ ఒకే జిల్లావైనా ఒకే గాలివి కావు. రెండో దానికి చాలిన పూత మొదటి దానికి చాలదు.

తుప్పుతోనే తుప్పుకు అడ్డు

తుపాకి అనగానే కళ్లముందు మెదిలే నీలినలుపు మెరుపు బ్లూయింగ్‌ది. నిజానికి అది పూత కాదు, అదీ ఒకరకం తుప్పే. ఎర్రతుప్పు వదులుగా రాలిపోతుంది. మాగ్నెటైట్ అనే నల్లతుప్పు లోహాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. పాతకాలపు పనివాళ్లు గొట్టానికి ఆమ్లం కలిసిన ద్రావకం రాసి, కావాలనే తుప్పు పట్టించి, మరిగే నీళ్లలో ముంచి దాన్ని నల్లగా మార్చి, సన్నని తీగ బ్రష్షుతో గీకేవాళ్లు. రంగు నిండేదాకా రోజుల తరబడి అదే పని. తర్వాత ఫ్యాక్టరీలు కాస్టిక్ సోడా, నైట్రేటు కలిపిన సలసల కాగే తొట్టిలో ముంచి అరగంటలో ముగించడం మొదలుపెట్టాయి.

చూపులకు దాన్ని మించింది లేదు. కానీ ఆ పొర మందం ఒకటి రెండు మైక్రాన్లు. సొంతంగా అది ఆపగలిగేది బహుస్వల్పం, తనను అంటిపెట్టుకున్న నూనె వల్లే నిలబడుతుంది. వాడకంలో నల్లబడిన దోసె పెనం సంగతీ ఇంతే. నూనె పట్టి ఉన్నన్నాళ్లూ దానికి ఢోకా లేదు, సబ్బుతో తోమి వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబడుతుంది. మదనపల్లెలో, అనంతపురంలో బ్లూయింగ్ చేసిన తుపాకి తరాలపాటు నిలుస్తుంది. మన తీరంలో అది రోజూ తుడిచే ఓపిక ఉన్నవాళ్లకు మాత్రమే.

దీనికన్నా గట్టిది ఫాస్ఫేటింగ్. ఇంగ్లండులో థామస్ వాట్స్ కాస్లెట్ 1906లో ఫాస్ఫారికామ్లంతో ఇనుముకు తుప్పు రాకుండా చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఆ హక్కులు కొన్న పార్కర్ కుటుంబం 1915లో అమెరికాలో కంపెనీ పెట్టింది. పార్కరైజింగ్ అన్న పేరు అలా వచ్చింది. జింకు ఫాస్ఫేటో మాంగనీసు ఫాస్ఫేటో స్ఫటికాలుగా లోహం మీద పేరుకుంటుంది. బూడిదరంగు, మెరుపు శూన్యం. సైనికుడికి ఆ మెరుపు లేకపోవడమే మేలు. స్ఫటికాల సందుల్లో నూనె ఇంకుతుంది, పెయింటు వేస్తే పట్టుకుంటుంది. అసలు బలం అందులో ఉంది. నూనె లేని ఉత్త ఫాస్ఫేటును ఉప్పునీటి తుంపరలో పెడితే కొద్ది గంటల్లోనే ఎర్రబడుతుంది. ఫాస్ఫేటు మీద పెయింటు కాల్చి పట్టిస్తే రెండూ కలిసి చేసే కాపలాకు ఒంటరి పూత ఏదీ సాటిరాదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత బ్రిటిష్ సైన్యం చేసిందదే. మన ఈషాపూర్ ఫ్యాక్టరీ రైఫిళ్ల మీద కనిపించే మొద్దు నలుపు కూడా అలాంటిదే. అందం లేదని సేకరణదారులు ముక్కు విరుస్తారు. నాకైతే తీరానికి అంతకన్నా తెలివైన పని కనపడదు.

ఫాస్ఫరసుకూ తుప్పుకూ ఉన్న వైరం మనకు కొత్తేమీ కాదు. ఢిల్లీ ఇనుప స్తంభం 1600 ఏళ్లుగా నిలవడానికి దాని ఇనుములో ఎక్కువగా ఉన్న ఫాస్ఫరసు ముఖ్య కారణమని కాన్పూరు ఐఐటీ ఆచార్యుడు ఆర్. బాలసుబ్రమణ్యం వివరించారు. అయితే ఆ స్తంభం ఉన్నది ఢిల్లీ పొడిగాలిలో. కోడూరు బీచిలో పాతి ఉంటే కథ వేరుగా ఉండేది.

ఈమధ్య అందరి నోటా వినపడేది సెరాకోట్. సన్నని పింగాణీ రేణువులు కలిపిన పాలిమర్ పెయింటు అనుకోవచ్చు. గట్టిది, రసాయనాలకు లొంగదు. ఉప్పునీటి తుంపర పరీక్షలో వేల గంటలు నిలిచిందని కరపత్రాల్లో రాస్తారు. ఆ పరీక్ష 1939 నాటి ఏఎస్‌టీఎం బీ117. 35 డిగ్రీల వేడిలో 5 శాతం ఉప్పునీటిని ఆపకుండా చల్లుతారు. మన తీరంలో ఎండ ఉంది, రాత్రి తడి ఉంది, ఇసుక రాపిడి ఉంది, చేతి చెమట ఉంది. ఆ పరీక్షలో ఇవేవీ లేవు. రెండు పూతల్లో ఏది మెరుగో పోల్చుకోవడానికి ఆ గంటలు పనికొస్తాయి, ఎన్నేళ్లు మన్నుతుందో చెప్పవు.

ఇంకో చిక్కు మందంతో వస్తుంది. సెరాకోట్ పొర సుమారు 25 మైక్రాన్లు. బోల్టుకూ అది జారే గాడికీ మధ్య ఖాళీ ఎంతో తెలియకుండా రెండువైపులా పూస్తే బోల్టు కదలనని మొరాయిస్తుంది. చాంబరు లోపల, ట్రిగ్గరు భాగాలు ఒకదాన్నొకటి పట్టుకునే అంచుల మీద ఏ పెయింటూ పడకూడదు. ఇంటికి సున్నం వేసినట్టు తుపాకంతా చల్లి ఇచ్చేవాడి దగ్గరికి వెళ్లకపోవడమే క్షేమం.

నికెల్ పూత తళతళలాడుతుంది కాబట్టి మనవాళ్లకు మోజు. దానిలో ఒక మోసం ఉంది. నికెల్ ఇనుముకన్నా మొండి లోహం. ఆ పూతలో ఎక్కడైనా సూదిమొనంత రంధ్రముంటే, ఉప్పు తడిలో నికెల్ సురక్షితంగా ఉండి, కింది ఇనుమే మరింత వేగంగా కరుగుతుంది. జింకు దీనికి పూర్తిగా వ్యతిరేకం. గీత పడినచోట తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. మరబోట్ల అడుగున బిగించే జింకు దిమ్మెలు చేసే పని అదే. మరి రైఫిలుకు జింకే పూయొచ్చు కదా అంటే, కుదరదు. కరిగిన జింకులో ముంచిన పొర 80 మైక్రాన్ల పైమాటే, పైగా మెత్తన. కరెంటు స్తంభానికి అది వరం, బోల్టుకు శాపం.

స్టెయిన్‌లెస్ అంటే పేరులోనే అభయం ఉంది కదా అని నమ్మి మోసపోయేవాళ్లు ఎక్కువ. బోటు రెయిలింగుకు వాడే 316 రకంలో మాలిబ్డినం ఉంటుంది, అది ఉప్పుకు తట్టుకుంటుంది. కానీ దాన్ని వేడిచేసి గట్టిపరచడం కుదరదు కాబట్టి తుపాకి గొట్టాలకు 416 లాంటి రకం వాడతారు. దానిలో క్రోమియం తక్కువ. చెక్కడానికి వీలుగా గంధకం కలుపుతారు. ఉప్పు తగిలితే దానికీ గుంటలు పడతాయి. కొత్తగా కొనేవాళ్లకు ఇంతకన్నా మంచి దారి నైట్రైడింగ్. 1982లో వచ్చిన గ్లాక్ పిస్తోలుతో పేరుమోసిన ఈ పద్ధతిలో నత్రజని ఉక్కులోకే చొచ్చుకుపోతుంది. పొర ఊడటమనే మాటే ఉండదు. కాకపోతే 500 డిగ్రీలు దాటిన వేడి కావాలి, ఫ్యాక్టరీలోనే జరగాలి. పాత రైఫిలును ఆ కొలిమిలో పెట్టకండి, దాని ఉక్కు గట్టిదనమే మారిపోవచ్చు.

వియత్నాం నేర్పిన పాఠం

బయటి రంగు గురించి ఇంత మాట్లాడాం. తుపాకి ప్రాణం లోపల ఉంది. ఈ సంగతిని అమెరికా వియత్నాంలో ప్రాణాలు పోగొట్టుకుని తెలుసుకుంది. 1960ల మధ్యలో సైనికులకు ఎం16 రైఫిలు ఇచ్చినప్పుడు, అది పెద్దగా శుభ్రం చేయక్కర్లేనిదన్న ప్రచారం జరిగింది. శుభ్రం చేసే సామగ్రి కూడా సరిగా పంపలేదు. చాంబరుకు క్రోము పూయలేదు. తూటాలో మందు రకం మార్చారు. ఆ తడి అడవుల్లో చాంబర్లు గుంటలు పడి, పేలిన తొడుగులు లోపలే ఇరుక్కుపోయాయి. యుద్ధం మధ్యలో ఇనుప కడ్డీతో వాటిని పొడిచి తీసుకుంటూ చనిపోయిన కుర్రాళ్ల గురించి వచ్చిన ఉత్తరాలు దేశంలో గగ్గోలు పుట్టించాయి. 1967లో అమెరికా చట్టసభకు చెందిన ఇచార్డ్ ఉపసంఘం విచారణ జరిపింది. ఆ తర్వాత చాంబరుకూ, కాలక్రమంలో గొట్టమంతటికీ క్రోము వచ్చింది. రష్యన్లు ఏకే రైఫిళ్లకు మొదట్నుంచీ క్రోము పూస్తూనే ఉన్నారు. జపాన్ వాళ్లు రెండో ప్రపంచయుద్ధంలోనే తమ టైప్ 99 రైఫిళ్ల గొట్టాలకు ఆ పని చేశారు. మన ఇన్సాస్ రైఫిలు గొట్టానికీ లోపల క్రోము ఉంది.

అందువల్ల తీరంలో కొత్త రైఫిలు తీసుకునేవాళ్లు, ప్రభుత్వ శాఖలైనా సరే, బయటి రంగుకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న లోపల క్రోము ఉందా అన్నది.

రాకెట్ల పక్కింట్లో

శ్రీహరికోట నుంచి తొలి రోహిణి-125 రాకెట్ ఎగిరింది 1971 అక్టోబరు 9న. ఒకపక్క బంగాళాఖాతం, ఒకపక్క పులికాట్. అక్కడ రాకెట్లను నిలబెట్టే ఇనుప గోపురాలకు ఉప్పుగాలి ఒక్కటే బాధ కాదు. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ లాంటి ఘన ఇంధన మోటార్లలో అమ్మోనియం పెర్‌క్లోరేటు ఉంటుంది. అది మండితే పొగలో హైడ్రోక్లోరికామ్లం వస్తుంది. ఉప్పు మీద ఆమ్లమన్నమాట. అమెరికాలో కెనెడీ కేంద్రానిదీ ఇదే అవస్థ. నాసా అక్కడ 1960ల నుంచి సముద్రపు ఒడ్డునే పలకలు పెట్టి పరీక్షించి, జింకు దట్టించిన ప్రైమరు మేలని తేల్చింది. సీ5 గాలి జింకును ఏడాదికి 4 నుంచి 8 మైక్రాన్ల దాకా తింటుంది. 80 మైక్రాన్ల పొర అంటే పదేళ్ల నుంచి ఇరవయ్యేళ్ల కాపలా. గోపురానికి అంత మందం పెట్టే వీలుంది, తుపాకికి లేదు. తేడా అంతా అక్కడే.

రాకెట్లకూ తుపాకి బీరువాకూ ఇంకో చుట్టరికం ఉంది. మెకానిక్కులందరి దగ్గరా కనిపించే డబ్ల్యూడీ-40 డబ్బా 1953లో పుట్టింది అట్లాస్ క్షిపణి పైతొడుగుకు తుప్పు రాకుండా చూడటానికే. తడిని తరిమేయడంలో అది దిట్ట. నెలల తరబడి కాపాడే నూనె మాత్రం కాదు. దాన్ని చల్లి తుపాకిని బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

గూడూరు అభ్రకాన్ని కూడా ఇక్కడే తలచుకోవాలి. తుప్పుకు అడ్డుపడే పెయింట్లలో అభ్రకపు పొలుసులు కలుపుతారు. అవి ఒకదాని మీదొకటి పరచుకుని, లోపలికి దిగే తడికి దారి చుట్టూతిప్పి పొడవు చేస్తాయి. ఒకప్పుడు ప్రపంచానికి అభ్రకం పంపిన జిల్లాలో గేట్లకు ఒట్టి రెడాక్సైడ్ కొట్టి వదిలేస్తున్నాం.

లైసెన్సుదారులకు

నా తీర్పు ఇదీ. సముద్రానికి రెండు మూడు కిలోమీటర్లలోపు ఉండే రైఫిలుకు ఫాస్ఫేటు, దాని మీద కాల్చి పట్టించిన పెయింటో సెరాకోటో. లోపల క్రోము. కొత్తదైతే నైట్రైడింగు. నెల్లూరు, గూడూరు, కావలి పట్టణాల్లో ఇళ్లలో ఉండేవాటికి ఫాస్ఫేటూ నూనే చాలు. బ్లూయింగ్ చెక్కుచెదరకుండా ఉంటే దాని జోలికి పోకుండా నూనె పట్టించుకోవడమే మంచిది. పాతదాన్ని కదిలించి కొత్తపూత వేయించడం ప్రతిసారీ లాభం కాదు.

డబుల్ బ్యారెల్ ఉన్నవాళ్లకు మరో మాట. రెండు గొట్టాలను పక్కపక్కన కలిపి ఉంచేది సీసం, తగరం కలిసిన మెత్తని టంకం. కాగే కాస్టిక్ తొట్టి ఆ టంకాన్ని తినేస్తుంది. ఈ తుపాకులకు పాత పద్ధతిలో నెమ్మదిగా చేసే బ్లూయింగో, తక్కువ వేడిలో ఆరే పెయింటో తప్ప గతిలేదు. ఈ తేడా తెలియని పనివాడికి తాతగారి తుపాకి ఇవ్వకండి.

పూతకు ముందు ఇసుక చల్లి లోహాన్ని గరుకు చేస్తారు. ఆ ధాటికి, లేదా సాన ధాటికి, చెక్కిన నంబరు అరిగిపోతుంది. ఆయుధాల చట్టం 1959 ప్రకారం గుర్తింపు నంబరు చెరిపేయడం నేరం. పూత అందంగా వచ్చిందని మురిసిపోయి నంబరు చూసుకోకపోతే రెన్యువల్ రోజున కష్టం మొదలవుతుంది. ఆయుధాలు బాగుచేయడానికీ లైసెన్సు కావాలి కాబట్టి వెల్డింగు షాపుకో కార్లకు రంగులేసేవాడికో ఇచ్చే పని కాదిది.

గుడ్డ, నూనె, మంచినీళ్లు

పోలీసు ఠాణాలో ఆయుధాలుంచే గదిని బెల్ ఆఫ్ ఆర్మ్స్ అంటారు. అక్కడ రైఫిలు గొట్టంలో పుల్‌త్రూ తాడు దించి, దాని చివర చిందీ గుడ్డ కట్టి లాగడం రోజువారీ పని. మంచి అలవాటే. కాకపోతే తీరంలో దానికి ముందు ఒక మెట్టు ఉండాలి. ఉప్పు నూనెలో కరగదు. బోటు దిగి వచ్చిన రైఫిలుకు నేరుగా నూనె రాస్తే ఉప్పును నూనె కింద దాచిపెట్టినట్టే. ముందు మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడవాలి, తర్వాత పూర్తిగా ఆరబెట్టాలి, అప్పుడు నూనె. పాత .303 తూటాల క్యాపులో పొటాషియం క్లోరేటు ఉండేది. పేలాక అది గొట్టంలో ఉప్పుగా మిగిలేది. అందుకే పాత సిపాయిలు కాల్పులు కాగానే గొట్టంలో వేడినీళ్లు పోసేవాళ్లు. కిరసనాయిలు మీద మనవాళ్లకున్న నమ్మకం మాత్రం సరైనది కాదు. అది మురికిని వదిలిస్తుంది, ఆ తర్వాత తానే ఆవిరైపోతుంది.

తుప్పు మొదలయ్యేది కనపడని చోట. చెక్క మడమ కింద దాగిన ఉక్కు ముందు పోతుంది, ఎందుకంటే చెక్క తడినీ ఉప్పునూ పట్టి ఉంచుతుంది. తోలు సంచీ ఇంకా ప్రమాదం. తోలు ఊనడానికి వాడిన రసాయనాలూ, అది పీల్చిన తేమా కలిసి లోపలి లోహాన్ని తింటాయి. సంచీ మోసుకెళ్లడానికి, దాచడానికి కాదు. ఇంట్లో బీరువాలో చిన్న బల్బు వెలిగిస్తే లోపలి గాలి కాస్త వేడెక్కి తేమ శాతం దిగుతుంది. ఖర్చు లేని ఉపాయం. విజయదశమికి ఆయుధపూజ చేసినవాళ్లు పసుపు నీళ్లూ కుంకుమ తడీ సాయంత్రానికల్లా తుడిచేయాలి. అమ్మవారేమీ అనుకోదు.

ఎన్నికల నియమావళి మాట కూడా ఉంది. 2024లో అది మార్చి 16న మొదలై జూన్ 6 దాకా అమలులో ఉంది. అలాంటప్పుడు అధికారులు లైసెన్సు తుపాకులను ఠాణాలో జమ చేయిస్తారు. అవి తీరపు ఎండాకాలమంతా ఎవరూ ముట్టకుండా అక్కడ పడి ఉంటాయి. ఈసారి జమ చేయమని కబురొస్తే, గొట్టం లోపలా బయటా చిక్కని నూనె పట్టించి, నంబరు రసీదులో సరిగా రాశారో లేదో చూసుకుని ఇవ్వండి. వాపసు తీసుకున్న రోజే లైసెన్సున్న ఆర్మరర్ చేత మడమ విప్పించి కింది ఉక్కు చూపించుకోండి.